ఊళ్ళు లేని పటం: నాయనతో ఆరు రోజులు

నాయన అనంతపురం నుంచి అడిలైడ్ వచ్చి మూడు వారాలైంది. సముద్రం చూపించాను, ద్రాక్షతోటలు చూపించాను, గుడికి తీసుకెళ్ళాను. అన్నీ చూసి "బాగుండాది" అని ఊరుకున్నాడు. ఒక రాత్రి న్యూ సౌత్ వేల్స్ పాత కౌంటీల పటం లాప్‌టాప్‌లో తెరిచి పెట్టుకుని కూర్చున్నాను. నా ఉద్యోగం జీఐఎస్‌లో, అంటే కంప్యూటర్లో పటాలు తయారుచేసే పని, పాత పటాలు చూడటం అలవాటు. వెనక ఎప్పుడొచ్చి నిలబడ్డాడో తెలియదు.

"ఇదేంది పాపా, ఫిర్కా మ్యాపా?"

ఆ వారంలో ఆయన తనంతట తాను అడిగిన మొదటి ప్రశ్న అదే. నాయన సర్వే శాఖలో గొలుసు పట్టుకునే చైన్‌మ్యాన్‌గా చేరి సర్వేయర్‌గా రిటైరయ్యాడు. భూమి ఎక్కడ గీతలుగా కనిపించినా ఆయన కళ్ళు అక్కడే నిలబడతాయి. చెప్పాను: ఈ రాష్ట్రాన్ని 141 కౌంటీలుగా కోశారు, ఒక్కో కౌంటీని పేరిష్‌లుగా కోశారు, పేరిష్ అంటే మన రెవెన్యూ గ్రామం అనుకో. ఆయన వేలు పశ్చిమం వైపు జరిగింది. యాంకోవిన్నా, ఎవెలిన్, టోంగోవోకో, చివరికి వాయవ్య మూలలో పూల్. పేరిష్‌ల పేర్లు వరసగా ఉన్నాయి.

"ఇన్ని ఊర్లుండాయా ఆడ?"

"ఊర్లు లేవు నాయనా. పేర్లే."

"మనుషుల్లేని కాడ హద్దులెందుకేసినారు?"

దానికి నా దగ్గర జవాబు లేదు. మరుసటి శనివారమే బయల్దేరాం.

మొదటి రోజు: అడిలైడ్ నుంచి బ్రోకెన్ హిల్

ఐదు వందల కిలోమీటర్ల పైచిలుకు. బర్రా దాటేదాకా గోధుమ చేలు, ఆగస్టు కాబట్టి పచ్చగా కళకళలాడుతున్నాయి. ఆ తర్వాత ఉత్తరానికి పోతుంటే రోడ్డు పక్కన గాయిడర్ గీత గురించి బోర్డు కనిపించింది. బండి ఆపమన్నాడు.

జార్జ్ గాయిడర్ సౌత్ ఆస్ట్రేలియా సర్వేయర్ జనరల్. 1865లో పెద్ద కరువు మధ్యలో గుర్రం మీద వేల కిలోమీటర్లు తిరిగి, పంట పండే నేల ఎక్కడ ఆగిపోతుందో ఒక గీత గీశాడు. వానమానాల లెక్కలు ఆయన దగ్గర పెద్దగా లేవు. నేల మీద ఏ చెట్టు పోయి ఏ పొద మొదలవుతోందో చూసుకుంటూ గీశాడు. మాలీ చెట్లు పలచబడి, సాల్ట్‌బుష్ అనే బూడిదరంగు పొద వచ్చే చోటు. 1870లలో నాలుగేళ్ళు వానలు బాగా పడ్డాయి. రైతులు గీత దాటి పోయారు, ఇళ్ళు కట్టారు, గోధుమ వేశారు. కరువు తిరిగొచ్చింది. గీతకు అవతల ఇప్పటికీ పైకప్పు లేని రాతిగోడలు కనిపిస్తాయి.

నాయన దిగి, రోడ్డుకు ఆ పక్క ఈ పక్క నేలను చాలాసేపు చూశాడు. ఒక సాల్ట్‌బుష్ ఆకు తుంచి నోట్లో వేసుకున్నాడు. "ఉప్పగుండాది. గొర్రెలు తింటాయి దీన్ని" అన్నాడు. ఎవరూ చెప్పకుండానే.

రెండో రోజు: బ్రోకెన్ హిల్

బ్రోకెన్ హిల్ న్యూ సౌత్ వేల్స్‌లో ఉంది కానీ గడియారం మాత్రం సౌత్ ఆస్ట్రేలియాది. యాంకోవిన్నా కౌంటీ మొత్తం మిగతా రాష్ట్రం కంటే అరగంట వెనక నడుస్తుంది. పేరిష్‌లూ కౌంటీలూ ఈరోజు ఎవరి నోటా వినపడవు. కానీ ఈ ఒక్క కౌంటీ హద్దు మాత్రం గడియారంలో బతికి ఉంది. నాయనకు ఇది తెగ నచ్చింది. మన ఊరికీ ఇక్కడికీ సరిగ్గా నాలుగు గంటల తేడా అని లెక్క తేలాక, చేతి గడియారం తిప్పకుండా మనసులోనే నాలుగు కలుపుకోవడం మొదలుపెట్టాడు.

1883లో చార్లెస్ రాస్ప్ అనే అతను గొర్రెల స్టేషన్‌లో (ఇక్కడ స్టేషన్ అంటే గొర్రెలు మేపే పెద్ద మేతనేల) హద్దు కంచె చూసుకునే పని చేస్తూ ఈ కొండ దగ్గర ఖనిజం ఉందని గుర్తించి, తన హక్కు కోసం కొయ్యలు పాతాడు. వెండి, సీసం, జింకు. రెండేళ్ళకు ఆ కొండ పేరుతోనే కంపెనీ పుట్టింది, అదే తర్వాత ప్రపంచమంతా ఎరిగిన బీహెచ్‌పీ. గనుల సంగతి చాలామంది రాశారు, నేను రాయను. నాయనను కదిలించింది ఊరి చుట్టూ ఉన్న కంచె.

1930ల నాటికి ఊరి చుట్టుపక్కల చెట్లన్నీ గనుల కట్టెలకూ పొయ్యిలకూ పోయాయి. మిగిలిన గడ్డి మేకలూ కుందేళ్ళూ తినేశాయి. గాలి వీస్తే ఇసుక ఇళ్ళ గోడల మీదికి ఎగబాకేది. ఆల్బర్ట్ మోరిస్ అని గనిలో లోహాలు పరీక్షించే ఉద్యోగి ఉండేవాడు, మొక్కలంటే ప్రాణం. 1936లో ఆయన మాట విని ఊరి అంచున నేలకు కంచె వేశారు. పశువూ కుందేలూ లోపలికి రాకుండా చేస్తే చాలు, భూమిలో ఉన్న విత్తనమే లేస్తుందని ఆయన నమ్మకం. లేచింది. ఆయన 1939లో పోయాడు. ఆయన మొదలుపెట్టిన పచ్చటి పట్టీ ఇప్పటికీ ఊరి చుట్టూ ఉంది.

మా ఊరు కణేకల్లు వైపు. బొమ్మనహాళ్, కణేకల్లు మండలాల్లో వేదవతి హగరి ఇసుక గాలికి లేచి చేలల్లో మేటలు వేస్తుందని అనంతపురం జిల్లాలో తెలియనివాళ్ళు లేరు. సర్వే రాళ్ళు ఇసుకలో మునిగిపోతే తవ్వి వెతికిన రోజులు నాయన చాలాసార్లు చెప్పాడు. ఆ కంచె దగ్గర నిలబడి లోపలి పొదలు, బయటి నేల మార్చి మార్చి చూశాడు. "మొక్కలు నాటిందేమీ లేదా?" అని రెండుసార్లు అడిగాడు. కొన్ని నాటారు, ఎక్కువ భాగం వాటంతట అవే వచ్చినవి అన్నాను. "మనకాడ గూడా ఇట్లా వదిలి చూడాల్సింది" అన్నాడు. గొంతు కాస్త బరువెక్కింది.

సాయంత్రం ఊరి ఉత్తరాన ఒంటెలవాళ్ళ పాత మసీదు చూశాం. ముడతల రేకులతో కట్టిన చిన్న గది. అఫ్ఘానులని అందరూ పిలిచినా, బలూచిస్తాన్, పంజాబ్ నుంచి వచ్చినవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. రైలు లేని చోటికి ఉప్పూ పిండీ ఉన్నీ మోసింది వాళ్ళ ఒంటెలే.

మూడో రోజు: ఉత్తరానికి

టిబూబర్రాకి సుమారు 335 కిలోమీటర్లు. సిల్వర్ సిటీ హైవే మొత్తం తారు పడి కొద్ది ఏళ్ళే అయింది. దారిలో చెప్పుకోదగ్గ చోటు ప్యాక్‌శాడిల్ ఒక్కటే, అది కూడా ఊరు కాదు, ఒక రోడ్‌హౌస్. మేం నడుస్తున్న ఈ ప్రాంతానికి పంచాయతీ లేదు, మునిసిపాలిటీ లేదు. ఏ స్థానిక సంస్థ కిందికీ రాని నేల 93 వేల చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్‌లో సగం కంటే ఎక్కువ. జనం ఇంచుమించు వెయ్యి.

ప్యాక్‌శాడిల్‌లో టీ తాగుతుంటే పక్క బల్ల దగ్గర ఒక స్టేషన్ యజమాని మాట కలిపాడు. అరవై దాటిన మనిషి, చేతులు నాయన చేతుల్లాగే పగిలి ఉన్నాయి. నేను మధ్యలో కూర్చుని ఇటు తెలుగూ అటు ఇంగ్లీషూ చేశాను. ఆయన లీజు అరవై వేల హెక్టార్లట. నాయన కళ్ళు మూసుకుని లెక్కవేశాడు. "దగ్గర దగ్గర లక్షన్నర ఎకరాలు! ఒక్క పట్టాదారుకా?" పట్టా కాదు, లీజు అని సర్ది చెప్పాను. ఒక గొర్రె బతకాలంటే తన నేలలో ఏడెనిమిది హెక్టార్లు కావాలన్నాడాయన. ఇరవై ఎకరాలకు ఒక గొర్రె. మా ఊళ్ళో ఇరవై ఎకరాలుంటే పెద్ద రైతు.

ఆ లెక్క మొదట్లో ఎవరికీ తెలియదు. 1884 చట్టంతో రాష్ట్రాన్ని మూడు డివిజన్లు చేసినప్పుడు పడమటి డివిజన్‌లో గొర్రెలు లక్షల్లో ఉన్నాయి. పచ్చగా ఉన్న ఏడు చూసి మందలు పెంచారు, అప్పులు తెచ్చారు. కుందేళ్ళు వచ్చాయి, కరువు వచ్చింది. గొర్రెలు సగానికి పైగా పోయాయి, నేల కొట్టుకుపోయింది. విచారణ కమిషన్ వేసి 1901లో వెస్టర్న్ ల్యాండ్స్ చట్టం తెచ్చారు. ఈ నేలను రాష్ట్రం చేతిలోనే ఉంచి, షరతులతో లీజుకివ్వడం అప్పట్నుంచీ నడుస్తోంది.

ప్యాక్‌శాడిల్ దాటాక పటంలో ఒక మాట మళ్ళీ మళ్ళీ కనిపించింది. ఫలానా ట్యాంక్, ఫలానా ట్యాంక్. నేలను తవ్వి వాననీళ్ళు పట్టే కుంటలవి. నాయన కళ్ళజోడు సర్దుకుని, "మన రికార్డుల్లోనూ చెరువును ట్యాంకనే రాస్తాం గదా" అన్నాడు. అక్కడి నుంచి ఆయన పేరిష్‌ల పేర్లు చదవడం మానేసి ట్యాంకులు లెక్కపెట్టాడు.

మిల్పరింకాలో 1896లో ఇసుకరాయితో కట్టిన కోర్టు భవనం ఉంది, చెక్కిన రాళ్ళు అందంగా నిలబడి ఉన్నాయి. కోర్టు ఉంది, కేసు వేయడానికి జనం లేరు. 1880, 81 ప్రాంతంలో ఇక్కడ బంగారం పడింది. మౌంట్ బ్రౌన్ చుట్టూ గుడారాలు వెలిశాయి. బంగారం కడగడానికి నీళ్ళు లేవు, తాగడానికే లేవు. అందుకని మట్టిని ఎత్తి గాలికి పోశారు. దుమ్ము ఎగిరిపోయి బరువైన బంగారం కింద పడేది. సంగతి చెప్పగానే నాయన "తూర్పారబట్టినారు" అన్నాడు. మూడేళ్ళుగా నేను ఇంగ్లీషులో చదువుతున్న పనికి సరైన పేరు ఆ క్షణాన దొరికింది. చెడునీళ్ళు తాగి టైఫాయిడ్‌తో పోయినవాళ్ళు ఎందరో.

టిబూబర్రా చేరేసరికి పడమట నల్లటి మబ్బు. రాత్రంతా రేకుల మీద వాన. మన సీమ మనుషులకు ఆ చప్పుడు ఎంత ఇష్టమో చెప్పక్కర్లేదు. నాయన మంచం మీద లేచి కూర్చుని విన్నాడు.

నాలుగో రోజు: దారి మూసేశారు

పొద్దున్నే తెలిసింది, న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్, సౌత్ ఆస్ట్రేలియా కలిసే కామెరాన్ కార్నర్‌కు పోయే మట్టిరోడ్డు మూసేశారని. తడిసిన రోడ్డు మీద బండి నడిపితే జరిమానా. గాడి పడి ఎండితే అది నెలల తరబడి అందరికీ బాధ. ఒక్క రోజు ఆరనిస్తే చాలన్నారు.

కాబట్టి ఆ రోజంతా టిబూబర్రాలోనే. జనం వంద మందికి అటూ ఇటూ. ఏడాదికి సగటు వాన 230 మిల్లీమీటర్లు. దేశంలోకెల్లా తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటని మనం బాధపడే అనంతపురానికే దాదాపు 550. స్థానిక ఆదివాసుల మాటలో టిబూబర్రా అంటే రాళ్ళ గుట్టలని అర్థం. ఊరి చుట్టూ గుండ్రటి పెద్ద పెద్ద బండలు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. నాయన వాటిని చూడగానే నడక వేగం పెంచాడు. "రాయదుర్గం కొండ తెచ్చి ఈడ పెట్టినట్టుండాది."

ఒక బండ మీద చేయి వేసి నిలబడ్డాడు. బండ నెత్తిన అరచేతి లోతు గుంటలో రాత్రి వాన నిలిచి ఉంది. చిన్న పిట్టలు రెండు వచ్చి తాగి పోయాయి. ఆ నీళ్ళలో సన్నటి గడ్డిపోచ ఒకటి తేలుతూ, గాలికి గుంట చుట్టూ నిదానంగా తిరుగుతోంది. అది ఒక చుట్టు తిరిగే దాకా ఇద్దరం మాట్లాడలేదు.

ఊరి పార్కులో ఒక పడవ నమూనా ఉంది, స్తంభాల మీద తలకిందులుగా. సముద్రానికి ఇంత దూరంలో పడవేంటని నాయన నిలబడిపోయాడు. చార్లెస్ స్టర్ట్ 1844 ఆగస్టులో అడిలైడ్ నుంచి బయల్దేరి, ఖండం నడిమధ్యలో సముద్రం ఉంటుందన్న ఆశతో పడవను బండి మీద లాక్కొచ్చాడు. సముద్రం లేదు. వెంట తోలుకొచ్చిన 200 గొర్రెలు మాత్రం తిండికి పనికొచ్చాయి.

ఈ ఊరి సంగతి రాస్తూ ఇంకొకటి రాయకపోతే తప్పు చేసినదాన్ని అవుతాను. ఇది వాంకుమారా, మల్యాంగపా ప్రజల నేల. నీళ్ళు ఏ రాతి గుంటలో ఎన్నాళ్ళుంటాయో వాళ్ళకు తెలుసు. స్టేషన్లలో గొర్రెలు కాసిందీ కంచెలు వేసిందీ కూడా వాళ్ళే. 1938లో ప్రభుత్వం టిబూబర్రాలోని ఆదివాసీ కుటుంబాలను లారీల్లో ఎక్కించి, వందల మైళ్ళ అవతలి బ్రూవారీనాకు తరలించింది. కొన్ని కుటుంబాలు తర్వాత అక్కడి నుంచి తప్పించుకుని బర్క్ వైపు వెళ్ళాయి. నాయనకు ఇది చెప్పినప్పుడు చాలాసేపు పలకలేదు. తర్వాత అన్నాడు: "మనుషుల్లేరని గాదు పాపా. ఉండేటోళ్ళను రాయలేదు."

మొదటి రాత్రి ఆయన అడిగిన ప్రశ్నకు ఆయనే జవాబు చెప్పుకున్నాడు.

ఐదో రోజు: మూడు రాష్ట్రాల మూల

దారి తెరిచారు. 140 కిలోమీటర్ల మట్టిరోడ్డు, సగం పైగా స్టర్ట్ నేషనల్ పార్క్ గుండా. 1972లో పెట్టిన పార్కు, అంతకుముందు ఇదంతా గొర్రెల స్టేషన్లే. మొదట గిబ్బర్ అనే ఎర్రటి గులకరాళ్ళ మైదానం, తడికి మెరుస్తోంది. పడమటికి పోయేకొద్దీ ఇసుక దిబ్బలు మొదలయ్యాయి, ఒకటెక్కి దిగితే ఇంకొకటి.

ఒక దిబ్బ దిగగానే టైరు పోయింది. మేం అద్దెకు తీసుకున్న బండిలో స్టెప్నీ ఉంది, దాంట్లో గాలి లేదు. బయల్దేరేముందు నేనే చూసుకోవాల్సింది. ఫోన్‌కు సిగ్నల్ లేదు. నలభై నిమిషాలకు ఒక బండి వచ్చింది, అడగకుండానే ఆగింది. వాళ్ళ దగ్గర గాలి కొట్టే మిషను ఉంది. టైరు మార్చేదాకా ఉండి, ఒక బాటిల్ నీళ్ళు కూడా చేతిలో పెట్టి వెళ్ళారు. ఈ దారిలో ఆగిన బండిని దాటిపోయేవాళ్ళు ఉండరని తర్వాత టిబూబర్రాలో చెప్పారు.

కామెరాన్ కార్నర్‌లో ఉన్నది ఒక కంచె, ఒక గేటు, ఒక దిమ్మె, క్వీన్స్‌లాండ్ వైపు ఒక కొట్టు. కంచె డింగో కుక్కలను గొర్రెల నేలలోకి రానీయకుండా వేసింది. దాని పొడవు సుమారు 5,600 కిలోమీటర్లు. గేటు తీసినవాళ్ళు మూయాలి. నాయన మూశాక గొళ్ళెం రెండుసార్లు లాగి చూశాడు.

జాన్ కామెరాన్ 29వ అక్షాంశం వెంట తూర్పు నుంచి కొలుచుకుంటూ వచ్చి 1880లో ఇక్కడ కొయ్య పాతాడు. ఇప్పుడున్నది కాంక్రీటు దిమ్మె. ఎండాకాలంలో ఈ దిమ్మె చుట్టూ మూడు గడియారాలు నడుస్తాయి, కొత్త సంవత్సరం మూడుసార్లు వస్తుంది. నాయనకు అదంతా పట్టలేదు. ఆయన అడిగింది ఒక్కటే: "గొలుసుతోనే వచ్చినాడా?"

గొలుసుతోనే, రాత్రిపూట నక్షత్రాలు చూసి దిక్కు సరిచూసుకుంటూ. అరవయ్యారు అడుగులు, వంద లింకులు. నాయన చేత పట్టిన గొలుసూ అదే కొలత. అప్పుడు పోపెల్ సంగతి చెప్పాను. అదే 1880లో అగస్టస్ పోపెల్ ఇక్కడికి ఉత్తరాన ఇంకో మూలను కొలిచి ఒక ఉప్పు సరస్సులో కొయ్య పాతి వచ్చాడు. తర్వాత చూస్తే అతని గొలుసు ఒక అంగుళం సాగి ఉంది. ఆ ఒక్క అంగుళమే పోగై పోగై, మూల పావు కిలోమీటరుకు పైగా పడమటికి జరిగిపోయింది. 1884లో లారీ వెల్స్ వెళ్ళి సరిచేయాల్సి వచ్చింది.

నాయన నవ్వలేదు. "సాగుతాది. ఎండకు సాగుతాది, కడియాలు అరిగి సాగుతాది. మా తాలూకా ఆఫీసు ముందర రెండు రాళ్ళు పాతింటారు, పొద్దున్నే గొలుసును వాటికి పెట్టి సరిచూసుకొని గానీ చేన్లోకి పోకూడదు. ఈడ ఆ రాళ్ళెవరు పాతిస్తారు ఆయనకు?" నూట నలభై ఏళ్ళ కిందటి ఒక సర్వేయర్ కోసం ఆయన నిజంగా బాధపడ్డాడు. మూడూళ్ళ పొలిమేర రాయి దగ్గర చేసినట్టే, దిమ్మె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మూడు దిక్కులా చూపు సారించాడు. మూడు దిక్కులా ఎర్రటి ఇసుకే.

ఆరో రోజు: డిపో గ్లెన్, తిరుగు దారి

తిరిగి వస్తూ మిల్పరింకా దగ్గర పక్కదారి పట్టి డిపో గ్లెన్ వెళ్ళాం. 1845 జనవరి చివర స్టర్ట్ మనుషులు ఈ వాగు దగ్గర ఆగారు. చుట్టుపక్కల మిగిలిన నీళ్ళు ఇవే. ముందుకు పోలేరు, వెనక్కి పోలేరు. ఆరు నెలలు ఇక్కడే. ఎండ తట్టుకోలేక నేలలో గది తవ్వుకున్నారు. కలం కాగితం మీద పెట్టేలోగా సిరా ఎండిపోయేదట. ఆకుకూర లేక స్కర్వీ అనే జబ్బు పట్టింది. స్టర్ట్ తర్వాతి స్థానంలో ఉన్న జేమ్స్ పూల్ మంచం పట్టాడు. జులైలో వాన పడింది, దారి తెరుచుకుంది, అతన్ని ఇంటికి పంపడానికి బండి కట్టారు. బయల్దేరిన కొద్దికాలానికే ప్రాణం పోయింది. ఇక్కడికే తెచ్చి ఒక బీఫ్‌వుడ్ చెట్టు కింద పూడ్చి, చెట్టు మీద పేరులోని రెండు అక్షరాలూ, 1845 అన్న అంకెలూ చెక్కారు.

చెట్టు ఉంది. అంకెలు ఇంకా చదవగలం. నాయన వేలితో 8 చుట్టూ గీశాడు. పూల్ అన్న పేరు వినగానే పటం గుర్తొచ్చింది ఆయనకు. "మూలనుండే కౌంటీ పేరూ అదే గదా?" అవునన్నాను. చెప్పులు విడిచి ఒక నిమిషం నిలబడ్డాడు. వాగులో మొన్నటి వాననీళ్ళు ఎర్రగా, ఇంకా కొద్దిగా పారుతున్నాయి.

మళ్ళీ దక్షిణానికి. ప్యాక్‌శాడిల్ దాటాక ఎక్కడో యాంకోవిన్నా హద్దు వచ్చింది, బోర్డు మాకు కనబడలేదు. బ్రోకెన్ హిల్ దగ్గర పడగానే ఫోన్‌కు సిగ్నల్ అందింది, గడియారం అరగంట వెనక్కి జరిగింది. నాయన తన చేతి గడియారం చూసి నాలుగు కలుపుకున్నాడు. సరిపోయింది. వెంటనే ఇంటికి ఫోన్ చేయమన్నాడు.

అమ్మ ఎత్తగానే మొదట అడిగింది వాన గురించే. మా ఊళ్ళో ఆగస్టు సగం గడిచినా చినుకు లేదట, వేరుసెనగ వాడుతోందట.

"ఈడ పడింది" అన్నాడు నాయన. "ఒక్క రాత్రి. దారులు మూసేసినారు, అంత పడింది."

"ఎవరి చేన్లో?"

నాయన కిటికీలోంచి బయటికి చూశాడు. "చేన్లు లేవు. బండ మీద నిలిచింది. పిట్టలు తాగినాయి."